దెబ్బ తిన్న నాణెమే గొప్పది

నాణేలు సేకరించేవాళ్లలో రెండు తెగలున్నాయి. మచ్చ లేని నాణెం కావాలనేవాళ్లు ఒకరు, దెబ్బ తిన్నదాన్నే వెతుక్కునేవాళ్లు ఇంకొకరు. నేను రెండో తెగవాణ్ణి. విజయవాడ బెంజ్ సర్కిల్ నడిబొడ్డున నిలబడి చెప్పమన్నా ఇదే చెబుతాను. ఒక రాజు వేసిన నాణెం మీద ఇంకో రాజు, ఇంకో ఊరు మళ్లీ వేసిన మరుముద్రలో ఉన్నంత కథ, నిగనిగలాడే నాణేల పెట్టె మొత్తం వెతికినా దొరకదు.

ఈ విద్యలో గ్రీకులు ఉద్దండులు. క్రీ.పూ. రెండో శతాబ్దంలో పాంఫీలియా తీరపు వెండి నాణేలు సిరియాకు చేరితే, అక్కడి పాలకులైన సెల్యూకస్ వంశీయుల లంగరు గుర్తు వాటి మీద పడింది. ఆ తీరంలోనే ఉన్న సిదే పట్టణపు నాణేల మీద ఆసియా మైనరు ఊళ్లు అమ్ములపొది గుర్తు వేసి, పక్కన తమ పేర్ల పొడి అక్షరాలు కొట్టుకున్నాయి. పరాయి డబ్బును కరిగించకుండానే మన డబ్బు చేసుకునే ఉపాయం అది.

కానీ నన్నడిగితే, గ్రీకులందర్నీ ఒక పక్కన పెట్టి శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి కమ్మటానికే మొదటి తాంబూలం ఇస్తాను. క్షహరాత వంశపు రాజు నహపానుడు తన వెండి నాణేల మీద గ్రీకు, బ్రాహ్మీ, ఖరోష్ఠీ మూడు లిపుల్లో పేరు వేయించుకున్నాడు. గౌతమీపుత్రుడు అతణ్ణి ఓడించాడు. ఓడించి, అతని నాణేల మీద తన ముద్ర కొట్టించాడు. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తెంబిలో 13 వేలకు పైగా నహపానుడి నాణేలు బయటపడితే, వాటిలో 9 వేలకు పైగా శాతవాహన ముద్ర పడ్డవే! నాసిక్ గుహలో తల్లి బాలశ్రీ చెక్కించిన శాసనం క్షహరాత వంశాన్ని తన కొడుకు నిర్మూలించాడని చాటుతుంది. ఆ మాటకు ఈ వెండి బిళ్లలే సాక్ష్యం.

పనితనం తెలియాలంటే భూతద్దం పట్టాల్సిందే. బిళ్ల వేలి గోరంత, బరువు రెండు గ్రాములకు అటూ ఇటూ. దాన్ని దిమ్మ మీద పెట్టి, పైన అచ్చు నిలిపి, సుత్తితో ఒక్క పోటు. ఒక పక్క మూడు వంపుల కొండ, కింద అలల గీత, చుట్టూ బ్రాహ్మీలో గౌతమీపుత్రుడి పేరు. రెండో పక్క ఉజ్జయిని గుర్తు, అంటే కూడిక గుర్తుకు నాలుగు కొసల్లో నాలుగు సున్నలు. దెబ్బ కాస్త పక్కకు పడిన బిళ్లల్లో కొండ అంచు దాటి నహపానుడి ముక్కు, గ్రీకు అక్షరాల తోకలు ఇంకా తొంగిచూస్తుంటాయి. ఏ గీత ఏ గీతను కోసిందో చూస్తే ఎవరు ముందో, ఎవరు వెనకో తేలిపోతుంది.

చిన్న మరుముద్ర అయితే పరీక్ష ఇంకో రకం. ముద్ర పడ్డచోటికి సరిగ్గా అవతలి పక్క లోహం అణిగి చదునవుతుంది. పాత బొమ్మ చేతులు మారి అరిగాక ముద్ర పడింది కాబట్టి, ముద్ర లోపలి గీతలు బయటివాటికన్నా పదునుగా ఉంటాయి. ఈ రెండూ కుదిరితే అసలుదని కళ్లకద్దుకోవచ్చు.

ముద్ర కొట్టడం మన కృష్ణా గోదావరి డెల్టాకు కొత్తేమీ కాదు. అమరావతిలో దొరికిన విద్ధాంక వెండి నాణేల మీద ఒక్కో గుర్తూ ఒక్కో దెబ్బ. ఆ తర్వాత వేంగి చాళుక్యుల కాలానికి వస్తే రాజరాజనరేంద్రుడి బంగారు నాణెం చూడండి. పల్చటి రేకు, నడుమ వరాహం, చుట్టూ ఒక్కో అక్షరానికి ఒక్కో అచ్చు. రేకు చిరగకుండా, వరస తప్పకుండా అన్ని దెబ్బలు వేసిన ఆ అక్కసాలి చేతికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

అలాంటి పనికి ఇవాళ పట్టిన గతి చూస్తే కడుపు రగులుతుంది. అచ్చులో పోత పోసిన నకిలీలు పురాతన నాణేల పేరుతో బజారుకెక్కాయి. అంచున పోత గీత, ఒంటినిండా గాలిబుడగల గుంటలు కనిపిస్తున్నా కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు. అరిగిన అసలు నాణెం మీద కొత్త ముద్ర కొట్టి ధర పెంచేవాళ్లు ఇంకా ఘోరం. వాళ్లు ఒక్క దెబ్బతో ఒక నాణేన్నీ, ఒక చరిత్రనీ పాడుచేస్తున్నారు. ఇక చింతపండుతో, ఆమ్లంతో తోమి తళతళలాడించే మహానుభావులున్నారు. రెండు వేల ఏళ్లు మట్టి కాపాడిన గీతను పది నిమిషాల్లో చెరిపేస్తారు! మెరుపు మీద మోజున్నంతకాలం ఈ పాపం ఆగదు.

పొలంలో నాణేల కుండ దొరికితే కంసాలి కొలిమికి పంపకండి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పాలి. కొనేవాళ్లు ఎక్కడ దొరికింది, ఎవరి చేతులు మారింది అని అడిగి రాసుకోండి. జవాబు లేని నాణేన్ని ఎంత చవకైనా ముట్టుకోకండి. మ్యూజియాలవాళ్లకూ ఒక మనవి: మరుముద్ర పడ్డ నాణేలను అద్దాల పెట్టెలో రెండు పక్కలా కనబడేలా, పక్కన భూతద్దంతో పెట్టండి. అసలు దెబ్బ ఎలా ఉంటుందో ఒక్కసారి కళ్లారా చూసిన పిల్లవాణ్ణి ఏ నకిలీల వ్యాపారీ మోసం చెయ్యలేడు.