తెలుగు ద్వారా ఇంగ్లీషు అభ్యాసం: పద్ధతుల విమర్శ

12.0 ఉద్దేశాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు

• తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇంగ్లీషు నేర్పే పుస్తకాల గుణదోషాలను వివరించగలుగుతారు.
• వ్యాకరణం, పదజాలం, ఉచ్చారణ, వినికిడి అనే నాలుగు అంశాల్లో తెలుగు ఎక్కడ సాయపడుతుందో, ఎక్కడ అడ్డు వస్తుందో గుర్తించగలుగుతారు.
• మీ చేతిలో ఉన్న అభ్యాస పుస్తకాన్ని స్పష్టమైన ప్రమాణాలతో విలువ కట్టగలుగుతారు.

12.1 పరిచయం

కవిత్వం మీద, నవల మీద విమర్శ ఎలా సాగుతుందో మీకు తెలుసు. అభ్యాస పుస్తకం మీద కూడా విమర్శ ఉంటుందా అన్న సందేహం రావచ్చు. తప్పకుండా ఉండాలి. నవల నచ్చకపోతే మూసి పక్కన పెడతాం. అభ్యాస పుస్తకం సరిగా లేకపోతే మాత్రం చదివినవారు తమనే నిందించుకుంటారు. “నాకు ఇంగ్లీషు రాదు, ఇక రాదు” అనుకుని ఆగిపోతారు. తప్పు పద్ధతిది, శిక్ష మనిషికి.

ఈ యూనిట్‌లో ఉదాహరణలను కృష్ణా డెల్టా దిగువ ప్రాంతం నుంచి, అంటే మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల నుంచి తీసుకున్నాం. గుడివాడలో డిగ్రీ చదువుతూ ఇంటర్వ్యూకు భయపడే విద్యార్థి, అవనిగడ్డలో డీఎస్సీకి తయారవుతున్న అభ్యర్థి, బందరులో ఇంటిపని ముగించుకుని రాత్రిపూట పుస్తకం తెరిచే గృహిణి – వీళ్ళకు ఇంగ్లీషులో మాట్లాడే తోడు దొరకడం కష్టం. పుస్తకమే గురువు. కాబట్టి ఆ గురువును పరీక్షించడం మన బాధ్యత.

12.2 చారిత్రక నేపథ్యం

ఇంగ్లీషు ఈ తీరానికి కొత్తది కాదు. 1611లో ఈస్టిండియా కంపెనీ నౌక ‘గ్లోబ్’ బందరు రేవుకు చేరింది. ఆ కాలంలో వర్తకం దుబాసీల ద్వారా నడిచేది. దుబాసీకి కావలసినవి రెండే: విన్నది అర్థం కావాలి, చెప్పేది ఎదుటివారికి అందాలి.

1843లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో పాఠశాల ప్రారంభించారు. అదే తరవాత నోబుల్ కళాశాల అయింది. బడి చదువు వ్యాపించి, దానివెంట పరీక్షలూ, ఉద్యోగాలూ వచ్చాక అభ్యాస క్రమం తలకిందులైంది. చదవడం, రాయడం ముందుకు వచ్చాయి; వినడం, మాట్లాడడం వెనక్కి పోయాయి. నేటికీ మన పరీక్షల్లో ఎక్కువ భాగం ఇదే క్రమం.

అర్థం తెలియని వల్లెవేత మీద విమర్శ కూడా పాతదే. ఒంగోలు ప్రాంతీయుడైన వెన్నెలకంటి సుబ్బారావు 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి ఇచ్చిన నివేదికలో, పిల్లలు అర్థం గ్రహించకుండా కంఠస్థం చేస్తున్నారన్న లోపాన్ని ఎత్తిచూపారు. 1820లలో బందరులో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ 1852లో ‘వాక్యావళి’ వెలువరించారు. రెండు భాషల నుడికారాన్ని వాక్యాల ద్వారా అభ్యాసం చేయించడం దాని ఉద్దేశం. విడి మాటను గాక వాక్యాన్ని ప్రమాణంగా తీసుకోవడం ఈ పద్ధతిలోని మంచి అంశం.

ఈ పట్నం మరో పాఠం కూడా చెబుతుంది. 1910లో ఇక్కడ ఆంధ్ర జాతీయ కళాశాల ఏర్పడింది. దాని స్థాపకుల్లో ఒకరైన భోగరాజు పట్టాభి సీతారామయ్య 1919 నుంచి ‘జన్మభూమి’ అనే వారపత్రికను ఇంగ్లీషులో నడిపారు. జాతీయ విద్యను కోరినవారికి ఇంగ్లీషు శత్రువు కాలేదు. తెలుగును వదిలితేనే ఇంగ్లీషు వస్తుందన్న వాదనకు ఇది తగిన జవాబు.

12.3 వ్యాకరణం: ఎవరూ మాట్లాడని తెలుగు

తెలుగు ద్వారా ఇంగ్లీషు నేర్పే పుస్తకాలు చాలావరకు కాలాల పట్టికతో మొదలవుతాయి. పట్టికలో ఇంగ్లీషు వాక్యం ఎదురుగా “నేను అతనిని చూచియున్నాను”, “నేను చూచియుంటిని”, “నాచేత పుస్తకము చదవబడెను” వంటి తెలుగు కనిపిస్తుంది. గుడివాడ మార్కెట్లో గాని, చల్లపల్లి బస్టాండులో గాని ఇలా మాట్లాడేవారు ఉన్నారా? లేరు. ఇంగ్లీషు రూపానికొక తెలుగు రూపం చూపించాలన్న పట్టుదలతో పుట్టించిన భాష ఇది. దీనివల్ల విద్యార్థి ఒక పరభాషను నేర్చుకోవడానికి మరో పరభాషను మోయవలసి వస్తోంది.

అసలు చెప్పవలసింది వేరు. తెలుగులో “చూశాను” అన్న ఒక్క రూపం ఇంగ్లీషులోని రెండు రూపాల పని చేస్తుంది. “అన్నం తిన్నావా?” అని మధ్యాహ్నం పలకరిస్తే ఇంగ్లీషులో “హావ్ యు ఈటెన్?” “నిన్న రాత్రి ఏం తిన్నావు?” అంటే “వాట్ డిడ్ యు ఈట్?” మొదటిదానిలో తిన్న సమయం ముఖ్యం కాదు, ఇప్పటి స్థితి ముఖ్యం. రెండోదానిలో గడిచిపోయిన సమయాన్ని చెప్పాం. ఈ తేడా తెలిసినవారు “ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్డే” అని రాయరు. ‘చూచియున్నాను’ అని వల్లె వేసినవారు రాస్తారు.

అలాగే “రోజూ వెళ్తాను”, “రేపు వెళ్తాను” అన్న వాక్యాల్లో మనకు క్రియ ఒకటే. ఇంగ్లీషులో మొదటిది “ఐ గో”, రెండోది “ఐ విల్ గో”. “నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు” అన్నప్పుడు తెలుగులో అన్నలు కర్త. ఇంగ్లీషులో ‘నేను’ కర్త అవుతుంది. ‘ఉన్నారు’ అన్న మాట వర్తమానంలో వినిపిస్తుంది కనుక “ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్” అన్న వాక్యం పుడుతుంది. ఇటువంటి చోట పట్టిక సరిపోదు. రెండు భాషలనూ పక్కపక్కన పెట్టి తేడా చూపాలి.

ఇంటర్వ్యూలో నష్టం చేసే తేడా ఇంకొకటి ఉంది. “మీరు ఈ కోర్సు పూర్తి చేయలేదా?” అని అడిగితే తెలుగువారు “అవును, చేయలేదు” అంటారు. ప్రశ్న అడిగినవారితో ఏకీభవిస్తున్నామని దాని భావం. ఇంగ్లీషులో జవాబు వాస్తవాన్ని బట్టి ఉంటుంది కాబట్టి “నో, ఐ హావిన్ట్” అనాలి. “యెస్” అని ఆగిపోతే పూర్తి చేశారని ఎదుటివారు అనుకోవచ్చు. నిజం చెప్పిన మనిషి అబద్ధం చెప్పినట్టు అవుతుంది. ఇంత ముఖ్యమైన విషయానికి ఒక్క పేజీ కూడా ఇవ్వని పుస్తకం, కర్మణి ప్రయోగానికి పది పేజీలు ఇస్తే దాని ప్రాధాన్యాలు సరిగా లేవని చెప్పాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
‘చూచియున్నాను’ వంటి అనువాద రూపాల వల్ల కలిగే నష్టం ఏమిటి?

12.4 పదజాలం: లెక్కలోకి రాని ఆస్తి

అక్షరక్రమంలో మాటలు, ఎదురుగా అర్థాలు – పదజాలం నేర్పడానికి అలవాటుగా వాడే పద్ధతి ఇది. దీనిలో మాటకు అర్థం ఉంటుంది గాని పొత్తు ఉండదు. “పని చేశాను”, “తప్పు చేశాను” – మనకు రెండింటికీ ‘చేయు’ చాలు. ఇంగ్లీషులో పనికి ‘డూ’, తప్పుకు ‘మేక్’ తోడు వస్తాయి. మాటను దాని తోడుతో సహా నేర్చుకోకపోతే, తెలిసిన మాటలతోనే తప్పు వాక్యం తయారవుతుంది. మైకేల్ వెస్ట్ 1953లో ప్రకటించిన సాధారణ పదాల జాబితాలో ఉన్నవి సుమారు 2000 మాటలే. ఆ కాస్త మాటలను అన్ని పొత్తులతో వాడగలగడం, అరుదైన పదివేల మాటలను గుర్తుపట్టడం కంటే ఎక్కువ ఉపయోగం.

రెండో లోపం ఇంకా పెద్దది. విద్యార్థికి ఏమీ రాదనుకుని పుస్తకం మొదలవుతుంది. ఇది నిజం కాదు. నాగాయలంకలో రొయ్యల చెరువు చూసుకునే రైతు నోట సీడు, ఫీడు, ఏరేటర్, చెక్‌ట్రే, కౌంటు రోజూ పలుకుతాయి. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పనివారికి డై, ప్లేటింగ్, కవరింగ్ కొత్త కాదు. ఎకరం, సెంటు, లాకు అన్న మాటలు డెల్టా రైతు ఇంటిమాటలైపోయాయి. ‘ఆనకట్ట’ వంటి దక్షిణ భారతపు మాట ‘అనికట్’గా ఇంగ్లీషులోకి వెళ్ళింది కూడా. ఈ మాటలను సమీకరించి, వాటిచుట్టూ వాక్యాలు కట్టించే పుస్తకం ఉంటే విద్యార్థి సున్నా నుంచి గాక మధ్యలో నుంచి బయలుదేరతాడు.

అయితే ఇక్కడ జాగ్రత్త కావాలి. మన దగ్గరికి వచ్చిన మాటల అర్థం కొంత జరిగింది. ‘సీడు’ అంటే చెరువు గట్టు మీద రొయ్య పిల్ల, బయట విత్తనం. ‘కరెంటు’ అంటే మనకు విద్యుత్తు. ఇంగ్లీషులో కృష్ణ ప్రవాహమూ ‘కరెంట్’ అవుతుంది. “ఓవర్ చేయకు” అన్న మాటలోని ‘ఓవర్’ ఇంగ్లీషువారికి అందదు. తెలిసిన మాటే కదా అని వదిలేయకుండా, అర్థం ఎంత దూరం జరిగిందో చెప్పడం మంచి పుస్తకం లక్షణం.

12.5 ఉచ్చారణ: లిపి ఇచ్చేది, దాచేది

ఇంగ్లీషు మాట పక్కన తెలుగు లిపిలో ఉచ్చారణ రాయడం ఈ పుస్తకాలకు ఊపిరి. దీన్ని పూర్తిగా తప్పుపట్టలేం. ఇంగ్లీషు వర్ణక్రమం చూసి మాట పలకలేని పాఠకుడికి తెలుగు లిపి మొదటి మెట్టు. కాని మెట్టు మీదే కూర్చోకూడదు.

తెలుగు అజంత భాష. మన నోట మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్సు, రోడ్డు, కప్పు అయ్యాయి. పడమరకూ, లోపల తొడుక్కునే బనియనుకూ ఇంగ్లీషులో వేర్వేరు తొలి ధ్వనులున్నాయి. తెలుగులో రెండూ “వెస్ట్”. మొదటిదానికి పెదవులు గుండ్రంగా చుట్టాలి, రెండోదానికి పైపళ్ళు కింది పెదవిని తాకాలి. ఈ తేడాను లిపి చూపలేదు. నోటి కదలికను వర్ణించి చెప్పాలి. మాట మొదట్లో ‘ఎ’ను ‘యె’గా, ‘ఒ’ను ‘వొ’గా పలికే అలవాటు వల్ల గుడ్డు ‘యెగ్’ అవుతుంది.

లిపి దాచే సాయం కూడా ఒకటి ఉంది. ‘క్యాట్’, ‘బ్యాంక్’ మాటల్లోని అచ్చు మనకు లేదని చాలామంది అనుకుంటారు. కోస్తావారు “వచ్చాడు”, “చేశాడు” అన్నప్పుడు రెండో అక్షరంలోని అచ్చును గమనించండి. అది “తాడు”లోని ‘ఆ’ కాదు. ఇంగ్లీషు ‘బ్యాంక్’కు దగ్గరి ధ్వని. రాతలో రెండింటికీ ఒకే గుర్తు ఉండడం వల్ల మన నోటిలో ఉన్నదే మనకు తెలియడం లేదు.

ఈ పుస్తకాలు దాదాపుగా వదిలేసేది ఊనిక. ‘ఫొటోగ్రాఫ్’లో మొదటి అక్షరం బలంగా పలుకుతుంది, ‘ఫొటోగ్రఫీ’లో రెండోది. ‘రికార్డ్’ నామవాచకమైతే మొదటి అక్షరం, క్రియ అయితే రెండోది. ఊనిక లేని అచ్చులు బలహీనపడి దాదాపు మాయమవుతాయి. తెలుగులో ప్రతి అక్షరాన్నీ ఇంచుమించు నిండుగా పలకడం మనకు అలవాటు. కాబట్టి ఊనిక పడే అక్షరం కింద గీత గీయని ఉచ్చారణ పట్టిక అసంపూర్ణం.

ఎవరి ఉచ్చారణను అనుసరించాలన్నది తరవాతి ప్రశ్న. లండన్ యాసను అనుకరించడం మన లక్ష్యం కానక్కరలేదు. ఢిల్లీవారికీ, దుబాయివారికీ, లండన్‌వారికీ రెండోసారి అడగకుండా అర్థమైతే చాలు. తెలుగు యాస ఉండడం లోపం కాదు; మాట అందకపోవడం లోపం.

12.6 వినికిడి: లేని అధ్యాయం

ముద్రిత పుస్తకంలో శబ్దం ఉండదు. మీరు చదువుతున్న ఈ పుస్తకానికీ అదే పరిమితి. రేడియో, ఫోను దాన్ని తీర్చగలవు. కాని ఎలా వినాలో పుస్తకమే చెప్పాలి.

“వాళ్ళు చాలా వేగంగా మాట్లాడతారు” అని విద్యార్థులు అంటారు. అసలు సమస్య వేగం కంటే కలయికలో ఉంది. మాటలు అతుక్కుని వస్తాయి. ఇది మనకు వింత కాదు. “ఎక్కడికి వెళ్తున్నావు” అన్నది మన నోట “ఎక్కడికెళ్తన్నావ్” అవుతుంది. మాటల చివరి అచ్చు లోపించడాన్నీ, ‘వాడు + కొట్టె’ ‘వాడుగొట్టె’ కావడాన్నీ పాఠశాలలో సంధులుగా నేర్చుకున్నాం. ఇంగ్లీషులో “డిడ్ యు” ‘డిడ్జు’గా వినిపించడం కూడా అటువంటి మార్పే. పదో తరగతి తెలుగు వ్యాకరణం చదివినవారి దగ్గర ఇంగ్లీషు వినికిడికి కావలసిన పనిముట్టు అప్పుడే ఉంది. దాన్ని వాడుకోమని చెప్పిన అభ్యాస పుస్తకం అరుదు.

అభ్యాసం ఇలా సాగాలి. ఒక నిమిషం నిడివి ఉన్న ఇంగ్లీషు వార్తను ఎంచుకోండి. మొదటిసారి విషయం కోసం వినండి. రెండోసారి వినిపించిన మాటలు రాయండి. మూడోసారి రాసినదానిలోని ఖాళీలు పూరించండి. ఖాళీలుగా మిగిలినవి ఎక్కువగా చిన్న మాటలేనని మీరే గమనిస్తారు. ఊనిక లేని మాటలు వినపడవు. వాటిని పలకడం నేర్చుకున్నకొద్దీ వినపడతాయి. ఉచ్చారణ, వినికిడి ఒకే అధ్యాయంలో ఉండవలసినవని దీన్నిబట్టి తెలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
తెలుగు సంధుల పరిజ్ఞానం ఇంగ్లీషు వినికిడికి ఎలా తోడ్పడుతుంది?

12.7 మూల్యాంకనం

ఈ పుస్తకాలకు న్యాయంగా దక్కవలసిన మెప్పు దక్కాలి. కళాశాల మెట్లు ఎక్కలేనివారికి, కోచింగ్ ఫీజు కట్టలేనివారికి అవి తక్కువ ధరలో దారి చూపాయి. భయపెట్టకుండా తెలుగులో పలకరించాయి. ఎన్.ఎస్. ప్రభు 1979–84 మధ్య దక్షిణ భారత పాఠశాలల్లో నడిపిన బెంగళూరు ప్రయోగం, నియమాలను విడిగా బోధించే బదులు అర్థవంతమైన పని అప్పగించి భాష నేర్పవచ్చన్న ఆలోచనను ముందుకు తెచ్చింది. కాని ఆ పద్ధతికి తరగతి కావాలి, ఉపాధ్యాయుడు కావాలి. ఒంటరిగా చదివేవారికి తెలుగు వివరణ ఇప్పటికీ అవసరమే.

కాబట్టి లోపం తెలుగును వాడడంలో లేదు. కృత్రిమమైన తెలుగును వాడడంలో ఉంది. “ముప్పై రోజుల్లో ఇంగ్లీషు” అన్న వాగ్దానం రెండో లోపం. ముప్పై ఒకటో రోజున మాట రానివారు పుస్తకాన్ని గాక తమ తెలివిని అనుమానిస్తారు. ఇకమీద ఏ పుస్తకం కొనేముందైనా ఈ నాలుగు ప్రశ్నలు వేయండి: దీనిలోని తెలుగు మనం మాట్లాడేదేనా? మాటలను పొత్తులతో ఇచ్చిందా? ఊనిక చూపించిందా? ఏం వినాలో, ఎలా వినాలో చెప్పిందా?

12.8 సారాంశం

మచిలీపట్నం తీరంలో ఇంగ్లీషు మొదట చెవికీ నోటికీ సంబంధించిన విద్య. తరవాత పరీక్ష విద్య అయింది. అభ్యాస పుస్తకాలు పరీక్ష క్రమాన్నే అనుసరించాయి. కృత్రిమ అనువాదం, పొత్తులేని పదాల పట్టిక, ఊనిక చూపని ఉచ్చారణ, వినికిడికి చోటు లేకపోవడం వీటి ముఖ్య లోపాలు. విద్యార్థి వాడుక తెలుగు, వృత్తి పదాలు, సంధి పరిజ్ఞానం అభ్యాసానికి పెట్టుబడి కాగలవు.

12.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1. విద్యార్థి వాడుకలో లేని తెలుగును కూడా నేర్చుకోవలసి వస్తుంది. రెండు ఇంగ్లీషు రూపాల మధ్య అర్థభేదం మాత్రం తెలియదు.
2. మాటలు కలిసినప్పుడు ధ్వనులు మారడం, లోపించడం సహజమని ముందే తెలుసు కాబట్టి, ఇంగ్లీషులోని అతుకులను గుర్తుపట్టడం సులువవుతుంది.

12.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. తెలుగు ద్వారా ఇంగ్లీషు నేర్పే ఒక పుస్తకాన్ని ఎంచుకుని, ఈ యూనిట్‌లోని ప్రమాణాలతో విమర్శించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మీ ఊరి వృత్తుల్లో వాడే ఇరవై ఇంగ్లీషు మాటలు సేకరించి, వాటి అర్థంలో వచ్చిన మార్పును వివరించండి.
2. “తెలుగు యాస లోపం కాదు; మాట అందకపోవడం లోపం.” చర్చించండి.