సున్న కూడా రాయాలి

నీళ్లలో పెన్ను రాయదు, పెన్సిలు రాస్తుంది. జమైకా ఉత్తర తీరంలో డిస్కవరీ బే దగ్గర సముద్రంలో దిగే కాలేజీ విద్యార్థికి మొదటి పాఠం ఇదే. చేతిలో తెల్లటి ప్లాస్టిక్ పలక, దానికి దారంతో వేలాడే పెన్సిలు ముక్క. అక్షరాభ్యాసం నాడు పట్టుకున్న పలక డిగ్రీకొచ్చాక మళ్లీ చేతికొస్తుందన్నమాట. సాయంత్రం అంకెలన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కించాక, గిన్నెలు తోమే పొడితో పలకను రుద్ది మర్నాటికి సిద్ధం చేస్తారు.

అమెరికాలో చాలా కాలేజీలు చలికాలపు సెలవుల్లోనో, వేసవిలోనో పది పదిహేను మందిని ఇలా ఉష్ణమండల సముద్రాలకు తీసుకెళ్తాయి. రెండు మూడు వారాలు తరగతి గది ఉండదు. పొద్దున గాలి లేవకముందే నీళ్లలోకి దిగడం, మధ్యాహ్నం మైక్రోస్కోపు, రాత్రి లెక్కలు. కరీబియన్‌లో ఇందుకు పేరున్న చోట్లలో డిస్కవరీ బే ఒకటి. వెస్టిండీస్ విశ్వవిద్యాలయానికి చెందిన సముద్ర పరిశోధనాలయం అక్కడ 1965 నుంచీ ఉంది. దాన్ని మొదలుపెట్టిన థామస్ గోరో, పగడపు దిబ్బల్ని పడవలోంచి వంగి చూడడం మాని, వీపుకు గాలి సిలిండరు కట్టుకుని వాటి మధ్యకే వెళ్లిన తొలితరం శాస్త్రవేత్తల్లో ముఖ్యుడు. ఆయనా, భార్య నోరా కలిసి రేడియోధార్మిక కాల్షియంతో పగడం ఎముక పెరిగే వేగాన్ని కొలిచారు. చీకట్లో కన్నా వెలుతురులో అది చాలా వేగంగా పెరుగుతుందని తేల్చారు.

అంతకు ముందే ఈ ద్వీపానికి విద్యార్థులు రావడం, ప్రాణాలు పోగొట్టుకోవడం కూడా జరిగాయి. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో డబ్ల్యూ. కె. బ్రూక్స్ అనే ఆచార్యుడు 1878 నుంచి ఏటా వేసవిలో శిష్యుల్ని సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లేవాడు. 1890ల్లో ఆ బృందాలు జమైకాకు చేరాయి. 1897లో వెళ్లిన బృందాన్ని పచ్చజ్వరం పట్టుకుంది. నాయకుడు హంఫ్రీ అక్కడే పోయాడు. ఫ్రాంక్లిన్ కోనంట్ అనే యువకుడు తిరిగి అమెరికా చేరాక కొద్ది రోజుల్లోనే కన్నుమూశాడు. అతను వర్ణించి పేరుపెట్టిన వాటిలో జమైకా మడ అడవుల నీళ్లలో తిరిగే వేలిగోరంత బాక్స్ జెల్లీఫిష్ ఒకటుంది. దానికి మెదడు లేదు, కళ్లు మాత్రం ఇరవై నాలుగు. మెదడు లేకుండానే అది అనుభవం నుంచి నేర్చుకుంటుందని, వేళ్లకు కొట్టుకోకుండా తప్పుకోవడం అభ్యాసం చేస్తుందని 2023లో ప్రయోగాల్లో బయటపడింది. జమైకా మడ చెట్ల వేళ్ల మధ్య స్నార్కెల్ పెట్టుకుని తిరిగే పిల్లలకు ఈ కథ చెప్పకుండా ఏ గురువూ ఉండకూడదని నాకనిపిస్తుంది.

మనకు పగడమంటే ఉంగరంలో ఎర్రటి పూస, కుజదోషానికి విరుగుడు. ఆ పగడం వేరు, ఎక్కువగా మధ్యధరా సముద్రపు చీకటి లోతుల్లో పెరిగేది. దిబ్బలు కట్టే పగడం గోధుమ రంగుదో, పసుపుదో, ఆకుపచ్చదో అయి ఉంటుంది. వేలాది చిన్న జీవులు తమ లోపల పెంచుకునే నాచుతో కలిసి బతుకుతూ సున్నపురాయి కట్టుకుంటూ పోతాయి. వాటికి వెలుతురు సోకే తేటనీరు కావాలి. గోదావరీ కృష్ణమ్మలు మంచినీరూ ఒండ్రూ తెచ్చి కుమ్మరించే మన తీరంలో చెప్పుకోదగ్గ దిబ్బ లేకపోవడానికి అదొక పెద్ద కారణం. కాబట్టి అమెరికాలో చదువుకునే తెలుగు పిల్ల డిస్కవరీ బేలో తల ముంచినప్పుడు తొలిసారి చూసేది, అమ్మమ్మ వేలికున్న పగడానికి ఏ పోలికా లేని పగడాన్ని.

కానీ చూడడం వేరు, కనపడడం వేరు. నీళ్లలో వస్తువు ఉన్నదానికన్నా మూడోవంతు పెద్దగా, దగ్గరగా అనిపిస్తుంది. పది మీటర్లు దిగేసరికి ఎరుపు మాయమవుతుంది. వేలు తెగితే రక్తం ఆకుపచ్చగా కనిపిస్తుంది. అందుకే మొదటి రోజులన్నీ కంటికి శిక్షణే. చేపల పేర్లు వల్లెవేయాలి. అది కూడా తేలిక కాదు. స్టాప్‌లైట్ చిలుకచేప చిన్నప్పుడూ ఆడగా ఉన్నప్పుడూ గోధుమ ఎరుపు రంగులో ఉండి, పెద్ద మగ చేపగా మారాక పచ్చగా మెరుస్తుంది. వరసగా రెండు రోజులు వాటిని రెండు జాతులుగా లెక్కపెట్టి, మూడోరోజు తల పట్టుకోని విద్యార్థి ఉండడు.

ఆ తర్వాత టేపు. దిబ్బ మీద పది మీటర్ల టేపు పరిచి, నిర్ణయించుకున్న దూరానికొక చోట దాని కింద ఏముందో రాస్తారు: బతికిన పగడం, చచ్చిన పగడం, నాచు, ఇసుక. అందంగా ఉన్న చోటు ఎంచుకోకూడదు, టేపు ఎక్కడ పడితే అక్కడే. పెరటి మొక్కల్లో మనకు నచ్చినదాన్నే చూపించే అలవాటు ఇక్కడ పనికిరాదు. చేపలకైతే ముప్పై మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు దారి ఊహించుకుని ఈదుతూ లెక్కించాలి, వెనక నుంచి దాటిపోయినవి వదిలేయాలి. గొలుసుతో చేసే కొలత నాకు అన్నిటికన్నా ఇష్టం. సన్నటి గొలుసును ఎత్తుపల్లాల వెంట అంటిపెట్టి పరుస్తారు. పది మీటర్ల గొలుసు తిన్నగా ఆరు మీటర్లే సాగిందంటే ఆ దిబ్బలో మడతలెక్కువ, చేపపిల్లలు దాక్కునే సందులెక్కువ. ఒక సంక్లిష్టమైన సంగతి ఇంత చౌక పరికరంతో తెలిసిపోవడం చూస్తే ముచ్చటేస్తుంది. ఇదంతా నీళ్లలో తేలుతూ, కాలికున్న ఫిన్ తగిలి ఒక్క కొమ్మ కూడా విరగకుండా, జంటగా దిగిన తోటివాడిమీద ఒక కన్నేసి చేయాలి.

రాత్రి దిగితే వేరే లోకం. పగలు రాయిలా ఉన్నవి చేతులు చాచి తింటుంటాయి. ఇదే ఊళ్లో, గోరో శిష్యురాలు జుడిత్ లాంగ్ 1970ల మొదట్లో ఒక వింత బయటపెట్టింది. పక్కపక్కన పెట్టిన పగడాల్లో ఒకటి తన కడుపులోని సన్నటి పోగుల్ని బయటికి వదిలి, పక్కదాని మాంసాన్ని అక్కడికక్కడే అరిగించేసుకుంటుంది. ఎవరు ఎవర్ని తింటారన్నది గమనిస్తూ పోతే, ఒకే జాతి అనుకున్నవి రెండని తేలింది.

ఇక లెక్కల విలువ ఎక్కడ బయటపడిందో చూడండి. డయాడెమా అని నల్లటి సీ అర్చిన్ ఉంది, సూదుల్లాంటి పొడుగాటి ముళ్లతో. కాలికి గుచ్చుకుంటే ప్రాణం విలవిల్లాడుతుంది. ఒకప్పుడు జమైకా దిబ్బల్లో చదరపు మీటరుకు తొమ్మిది దాకా ఉండేవి. 1980 ఆగస్టులో అలెన్ తుపాను దుప్పికొమ్ముల్లాంటి పగడాల్ని పిండి చేసింది. అయినా మళ్లీ చిగుళ్లు పుట్టాయి. 1983లో మాత్రం ఏదో తెగులు కరీబియన్ అంతటా ఆ నల్ల ముళ్లవాటిని ఊడ్చేసింది. వాటిలాగే నాచు మేసే చేపల్ని జాలర్ల తీగె ఉచ్చులు అప్పటికే ఖాళీ చేసేశాయి. మిగిలిన ఒక్క మేకా పోయాక పొలం ఏమవుతుంది? టెరెన్స్ హ్యూస్ 1994లో ప్రకటించిన అంకెల ప్రకారం, 1977లో 52 శాతం ఉన్న పగడం 1990ల మొదటికి 3 శాతానికి పడిపోయింది. నాచు 4 నుంచి 92 శాతానికి ఎగబాకింది. ఎవరికీ పట్టని ఆ ముళ్లజీవిని బాగున్న రోజుల్లోనే లెక్కించినవాళ్లు ఉండబట్టి గానీ, లేకుంటే ఈ కథకు మొదలే ఉండేది కాదు.

ఈ ఏడు వెళ్లిన పిల్లవాడికి ఈ ఏటి దిబ్బే మామూలు దిబ్బ. నీలినీరు, నాలుగు చేపలు చూసి అబ్బురపడతాడు. డేనియల్ పౌలీ 1995లో హెచ్చరించింది దీన్ని గురించే: ప్రతి తరమూ తాను మొదట చూసినదాన్నే కొలబద్దగా పెట్టుకుంటుంది. ఈ కోర్సుల్లో మెచ్చుకోదగ్గ అలవాటు, పాత బ్యాచ్‌ల నోటుపుస్తకాలు ముందు పెట్టి మొదలుపెట్టడం. మెచ్చుకోలేని అలవాటూ ఉంది. విమానమెక్కి వచ్చి, లెక్కలు లాప్‌టాప్‌లో వేసుకుని, ఊళ్లో జాలరికి ఒక్క ముక్క చెప్పకుండా వెళ్లిపోవడం. ఆ తీరం అంకెలు జమైకా విద్యార్థికీ అందకపోతే అది చదువు కాదు, విహారం.

డయాడెమా కొన్ని చోట్ల మెల్లగా తిరిగొచ్చింది. అవి ఉన్నచోట నాచు తగ్గి, పిల్ల పగడాలు మొలిచాయి. అంతలో 2022లో మళ్లీ కరీబియన్‌లో వాటికి తెగులు. ఈసారి కారణం దొరికింది, ఒక ఏకకణ జీవి.

అందుకే పలక మీద ఆ ముళ్లజీవి కోసం ఇప్పటికీ ఒక గడి ఉంటుంది. చతురస్రపు చట్రం కింద పెట్టి, ప్రతి సందులో తొంగి చూసి, ఒక్కటీ కనిపించకపోతే అక్కడ సున్న రాయాలి. గీత గీయకూడదు. గీతకు అర్థం చూడలేదని. గీత కనిపించిన గడికి, మర్నాడు పొద్దున్నే మళ్లీ నీళ్లలో దిగాలి.