ఇవ్వకపోవడమనే అధికారం: రెండు జీవితచరిత్రల్లో యుద్ధం, ప్రైవేటు వ్యక్తి

ప్రవేశిక

వాల్టర్ ఐజాక్సన్ రాసిన 'ఎలాన్ మస్క్' జీవితచరిత్ర 2023 సెప్టెంబరు 12న వెలువడింది. పుస్తకం పాఠకుల చేతికి చేరకముందే అందులోని ఒక ఘట్టాన్ని రచయితే బహిరంగంగా సవరించుకోవలసి వచ్చింది. ఆ ఘట్టం 2022లో క్రిమియా తీరంలో జరిగినది. రష్యా నౌకాదళంపైకి ఉక్రెయిన్ పంపిన మానవరహిత పడవలు, మస్క్ కంపెనీ స్పేస్ఎక్స్ నడిపే స్టార్‌లింక్ ఉపగ్రహ అంతర్జాలం ఆధారంగా సాగుతున్నాయి. నౌకలను సమీపిస్తుండగా వాటికి సంధానం తెగిపోయింది. అవి ఎవరికీ హాని చేయకుండా ఒడ్డుకు కొట్టుకువచ్చాయి. సంధానం ఎందుకు తెగింది? ఈ ప్రశ్నకు ఇంతవరకు వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. వాటిలో నిజమేదో తేల్చడం సాహిత్య విమర్శ పని కాదు. ఏ జవాబులో కర్త ఎవరు, క్రియ ఏది అని అడగడం మాత్రం దాని పనే.

మూడు క్రియలు

పుస్తకంలో అచ్చయిన కథనం ప్రకారం, క్రిమియా తీరానికి వంద కిలోమీటర్ల లోపల సేవను ఆపివేయమని మస్క్ తన ఇంజనీర్లకు రహస్యంగా చెప్పాడు. ఈ భాగాన్ని వాషింగ్టన్ పోస్ట్ ముందుగా ప్రచురించగానే మస్క్ అభ్యంతరం చెప్పాడు. ఆ ప్రాంతంలో సేవ మొదటినుంచీ ప్రారంభం కాలేదని, ప్రారంభించమని ఉక్రెయిన్ అత్యవసరంగా కోరితే తాను ఒప్పుకోలేదని అతని వివరణ. ఐజాక్సన్ దానిని అంగీకరించాడు. అదే నెలలో మస్క్ మరో కారణం కూడా చెప్పాడు: అమెరికా ఆంక్షల వల్ల క్రిమియాలో సేవ ఇచ్చే అనుమతే తమకు లేదు.

ఈ మూడింటినీ తెలుగులో పెట్టి చూస్తే తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 'ఆపించాడు', 'ఇవ్వలేదు', 'అక్కడ లేదు'. మొదటిది ప్రేరణార్థకం. ఆజ్ఞాపించినవాడూ పాటించినవాళ్లూ ఇద్దరూ అందులో ఉన్నారు. రెండోది వ్యతిరేకార్థకం. కర్త మిగిలాడు గాని చేసిన పని లేదు. మూడోదానిలో మనిషే లేడు. 'సంధానం' అనే నామవాచకం కర్త స్థానంలో కూర్చుంది. సముద్రంలోని పడవకు మాత్రం ఈ మూడు వాక్యాల ఫలితం ఒక్కటే.

ఐజాక్సన్ సవరణలో గమనించవలసినది మరొకటుంది. సేవ ఇస్తే పెద్ద యుద్ధం వస్తుందని మస్క్ భయపడ్డాడని చెప్పి ఊరుకోలేదు. ఆ భయం బహుశా సరైనదేనన్న తన తీర్పును కూడా అదే వాక్యంలో ఇమిడ్చాడు. తప్పు దిద్దుకునే చోటనే కథానాయకుడి పక్షాన వాదన కూడా చేశాడన్నమాట. ఇది యాదృచ్ఛికం కాదు. ఫ్రాంక్లిన్, ఐన్‌స్టీన్, స్టీవ్ జాబ్స్, లియొనార్డోల జీవితచరిత్రలన్నింటిలోనూ అతని పద్ధతి అసాధారణ వ్యక్తి అంతరంగంలోకి పాఠకుణ్ణి తీసుకువెళ్లడమే. శాస్త్రవేత్త, చిత్రకారుడు అయినప్పుడు ఆ పద్ధతి అందంగానే ఉంటుంది. యుద్ధరంగానికి వచ్చేసరికి దాని పరిమితి బయటపడుతుంది. అణుయుద్ధ భయం, పెర్ల్ హార్బర్‌తో పోలిక, రష్యా రాయబారితో సంభాషణ ఇవన్నీ మస్క్ మనసులోని సంఘర్షణగా మనకు అందుతాయి. ఉక్రెయిన్ మంత్రి మిఖైలో ఫెదొరోవ్ సందేశాలు పంపి ప్రాధేయపడే పాత్రగా వచ్చి వెళతాడు. పడవలను నడిపినవారికి పేర్లే లేవు. మస్క్ నిర్ణయం మంచిదా చెడ్డదా అని పుస్తకం పాఠకుణ్ణి ఆలోచింపజేస్తుంది. ఆ నిర్ణయం అసలు అతనిది ఎలా అయిందన్న ప్రశ్న దగ్గర ఆగదు.

మస్క్ చేసిన మేలును కాదనడం న్యాయం కాదు. 2022 ఫిబ్రవరి 24న దాడి మొదలైన రోజే వయాసాట్ ఉపగ్రహ సేవపై సైబర్ దాడి జరిగి వేల మోడెములు పనికిరాకుండా పోయాయి. 26న ఫెదొరోవ్ ట్విటర్‌లో బహిరంగంగా అర్థించాడు. కొన్ని గంటల్లోనే స్టార్‌లింక్ సేవ మొదలైంది. అయితే అడిగిన కొన్ని గంటల్లో ఇవ్వగలిగినవాడు ఇవ్వకుండానూ ఉండగలడు. ఆ రెండూ ఒకే అధికారానికి రెండు ముఖాలు. 2022లోనే ఖెర్సోన్ ప్రాంతంలో సేవను నిలిపివేయమని మస్క్ ఆదేశించాడని 2025 జులైలో రాయిటర్స్ రాసింది. ఆ కథనం సరికాదని స్పేస్ఎక్స్ అన్నది. ఇక్కడ మళ్లీ క్రియాపదం మీదనే తగవు.

మామునూరులో దిగిన విమానాలు

యుద్ధంలో ప్రైవేటు వ్యక్తి పాత్ర వరంగల్లుకు కొత్త కాదు. 1948లో భారత ప్రభుత్వంతో నిజాం సంబంధాలు తెగే దశకు చేరుకున్నప్పుడు, ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటన్ కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో హైదరాబాదు సంస్థానానికి ఆయుధాలు చేరవేశాడు. రాత్రిపూట అవి దిగిన విమానక్షేత్రాల్లో బీదరుతో పాటు వరంగల్ మామునూరు కూడా ఉంది. అతని జీవితకథను రాల్ఫ్ బార్కర్ అక్షరబద్ధం చేశాడు. అది 1969లో వచ్చింది. అందులో కాటన్ తనను దిగ్బంధంలో ఉన్న ప్రజలను ఆదుకున్నవాడిగా చూపుకుంటాడు. ఐజాక్సన్ పుస్తకంలాగే ఇక్కడా యుద్ధం ఒక మనిషి సాహసంగానే మిగులుతుంది. రజాకార్ల దాడులకు గురైన పల్లెలకు ఆ కథలో చోటు లేదు. వరంగల్ జిల్లా పాఠకుడు ఈ లోటును ఇట్టే పట్టుకుంటాడు.

అయినా కాటన్ కథలోని క్రియలన్నీ అస్త్యర్థకాలే: ఎగిరాడు, దిగాడు, దించాడు. చేసిన పనికి కంటికి కనబడే స్థలం ఉంది. అందుకే 1948 సెప్టెంబరులో భారత వైమానిక దళం ఆ విమానక్షేత్రాలపై బాంబులు వేయగలిగింది. తరువాత లండన్‌లో కాటన్‌కు జరిమానా కూడా పడింది. శిక్ష చిన్నదే, కాని పడింది. ఇవ్వకపోవడాన్ని ఏ విమానక్షేత్రంలో వెతకాలి?

వార్తాప్రసారాల విషయంలోనూ ఆనాటి సంస్థానానికి ఒక అనుభవం ఉంది. హైదరాబాదు రేడియో 1933లో మహబూబ్ అలీ అనే వ్యక్తి 200 వాట్ల ప్రసారయంత్రంతో సొంతంగా ప్రారంభించినది. 1935లో నిజాం ప్రభుత్వం దానిని తీసుకున్నది. 1948 సెప్టెంబరులో లొంగుబాటును నిజాం ప్రకటించినది దక్కన్ రేడియోగా మారిన ఆ కేంద్రం నుంచే. యంత్రం ఊళ్లోనే ఉంది కనుక ప్రభుత్వం దానిని తీసుకోగలిగింది.

చట్టంలోని క్రియలు

స్టార్‌లింక్‌కు భారతదేశంలో 2025 జూన్‌లో లైసెన్సు వచ్చింది. ఏటూరునాగారం అడవి పల్లెలకు సిగ్నల్ అందుతుందన్న ఆశ సహజం. దానిని తక్కువ చేయనక్కరలేదు. ప్రశ్న ఆపద సమయానిది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 20వ సెక్షన్ ప్రకారం, అత్యవసర పరిస్థితిలో ప్రభుత్వం ఏ టెలికాం సేవనైనా తాత్కాలికంగా స్వాధీనం చేసుకోవచ్చు, సందేశాలను అడ్డుకోవచ్చు, సేవను నిలిపివేయవచ్చు. నేలమీది గేట్‌వే కేంద్రాలకు ఈ క్రియలన్నీ వర్తిస్తాయి. ఉపగ్రహాలు అమెరికా కంపెనీ అధీనంలో, అమెరికా చట్టం కింద తిరుగుతుంటాయి. అంటే సేవను ఆపించే శక్తి ప్రభుత్వానికి నిక్కంగా ఉంది. కంపెనీ వద్దనుకున్న రోజున నడిపించే శక్తి ఉందా అన్నది వేరే మాట. దానికి డబ్బు చెల్లించడం కూడా హామీ కాదు. ఉక్రెయిన్ స్టార్‌లింక్ సేవలకు ఏటా సుమారు 5 కోట్ల డాలర్లు చెల్లిస్తున్న పోలండ్, సేవ ఆగుతుందేమోనన్న ఆందోళనను 2025 మార్చిలో బహిరంగంగానే వెలిబుచ్చింది. దానికి మస్క్ ఆ దేశ విదేశాంగ మంత్రిని నోరు మూసుకోమని జవాబిచ్చాడు. ఐజాక్సన్ పుస్తకం అప్పటికి ఏడాదిన్నర పాతది. మలి ముద్రణలో ఈ సంభాషణ చేరితే, అదీ కథానాయకుడి ముక్కోపానికి మరో ఉదాహరణగానే చేరే అవకాశం ఎక్కువ.