గూల్డ్ వాయించిన రెండు గోల్డ్‌బర్గ్‌లు

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వినేవాళ్లు నలుగురు కూడి తమకు నచ్చిన రికార్డింగుల గురించి మాట్లాడుకుంటుంటే, ఎక్కడో ఒకచోట ఈ ప్రశ్న రాక తప్పదు: యాభై ఐదుదా, ఎనభై ఒకటిదా? ఇంకేమీ చెప్పకుండానే అందరికీ అర్థమవుతుంది. బాఖ్ రాసిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌ను కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ స్టూడియోలో రెండుసార్లు రికార్డు చేశాడు. మొదటిసారి 1955 జూన్‌లో, 22 ఏళ్ల వయసులో. రెండోసారి 1981లో. రెండూ న్యూయార్క్‌లో, ఒకప్పుడు చర్చిగా ఉన్న కొలంబియా 30వ వీధి స్టూడియోలోనే. మొదటిది 38 నిమిషాల చిల్లర, రెండోది 51 నిమిషాలు. ఆ తేడా వెనక ఉన్న పనితనం గురించే ఈ పరిచయం.

ముందు రచన సంగతి. 1741లో అచ్చయిన ఈ కృతిని బాఖ్ రెండు వరుసల మెట్లున్న హార్ప్సికార్డ్ కోసం రాశాడు. మొదట ఆరియా అనే పాటలాంటి ముక్క, తర్వాత దాని మీద అల్లిన 30 వేరియేషన్లు, చివర మళ్లీ అదే ఆరియా. మన కర్ణాటక కృతిలో సంగతులు ఎన్ని వేసినా పల్లవి పోలిక తెలుస్తూనే ఉంటుంది. ఇక్కడ బాఖ్ మార్చకుండా ఉంచింది పైన వినిపించే పాటను కాదు, కింద ఎడమచేతిలో నడిచే మంద్రస్వరాల వరుసను. తొలిసారి వినేవాళ్లు ఆరియా బాణీ కోసం వెతుక్కుని తికమకపడేది అందుకే. చెవిని కిందికి దించితే దారి దొరుకుతుంది. దానికి తోడు ప్రతి మూడో వేరియేషనూ ఒక కేనన్: ఒక గొంతు ఎత్తుకున్న వరుసనే మరో గొంతు కాస్త వెనకగా అందుకుంటుంది. మూడోదాంట్లో రెండు గొంతులూ ఒకే స్వరంలో మొదలవుతాయి. ఆరోదాంట్లో ఒక స్వరం ఎడంగా, తొమ్మిదోదాంట్లో రెండు స్వరాల ఎడంగా, అలా 27వ వేరియేషన్ దాకా దూరం పెరుగుతూ పోతుంది. 30వదాంట్లో మాత్రం కేనన్ బదులు జానపద బాణీలు రెండు కలిసి వినిపిస్తాయి.

ఇంత లెక్కతో అల్లిన రచనలో ప్రతి పోగూ విడిగా వినపడాలి. 1955 రికార్డింగు సాధించింది అదే. దాని వెనక గూల్డ్ గురువు అల్బెర్టో గెరేరో నేర్పిన సాధన ఒకటుంది. ఒక చేతి వేళ్లను మెట్ల మీద వదులుగా ఆనించి, రెండో చేత్తో ఒక్కొక్క వేలి కొసనూ తట్టాలి. తట్టిన వేలు మెట్టును నొక్కి తనంతట తాను పైకి లేస్తుంది. స్వరం పలకడానికి ఎంత తక్కువ శ్రమ చాలునో వేలికి అలా తెలిసివస్తుంది. కాళ్లు కోసి పొట్టిగా చేసి తండ్రి ఇచ్చిన కుర్చీలో గూల్డ్, మెట్లకు దాదాపు కళ్లు ఆనేటంత కిందగా కూర్చుని, భుజాల బరువు వాడకుండా వేళ్లతోనే వాయించేవాడు. పెడల్ వాడకం చాలా తక్కువ. రెండు వరుసల మెట్ల కోసమే రాసిన వేరియేషన్లు ఇందులో 11 ఉన్నాయి. వాటిని ఒకే వరుస ఉన్న పియానో మీద వాయిస్తే చేతులు ఒకదానిమీదికి ఒకటి వచ్చి గుద్దుకుంటాయి. అక్కడ కూడా గూల్డ్ వేగం తగ్గించలేదు, ఒక్క స్వరాన్నీ మసకబారనివ్వలేదు.

ఆరియా విషయంలో ఆయన పడిన శ్రమ చూడండి. 30 వేరియేషన్లూ టేపుకెక్కాకే ఆరియా జోలికి వెళ్లాడు. ముందు రాబోయే లోతును ముందే చెప్పేయని నిరాడంబరమైన స్వభావం దానికి దొరకడానికి ఇరవై సార్లు వాయించాల్సి వచ్చిందని తర్వాత తానే రాశాడు. భావం చేర్చడానికి కాదు, ఎక్కువైన భావాన్ని తీసేయడానికి అన్నిసార్లు!

అంత పేరు తెచ్చిన రికార్డింగును 26 ఏళ్ల తర్వాత మళ్లీ ఎందుకు చేసినట్టు? మొదటిది 30 విడివిడి ముక్కలుగా తోచిందన్నది ఆయన అసంతృప్తి. అన్నింటినీ కలిపే ఒకే నాడి కావాలనుకున్నాడు. కర్ణాటక సంగీతం వినేవాళ్లకు ఇది వెంటనే అందే మాట, ఎందుకంటే మనం దాన్ని కాలప్రమాణం అంటాం. పల్లవిని త్రికాలం చేసే గాయకుడు చేతి తాళం వేగాన్ని మార్చడు. పాట రెట్టింపవుతుంది, తాళం నిలకడగా ఉంటుంది. 1981లో గూల్డ్ చేసింది ఆ కోవకు చెందిన పని. ఒక వేరియేషన్ ముగిసే నడకకు తర్వాతిది సగమో, రెట్టింపో, మరో చిన్న నిష్పత్తిలోనో మొదలవుతుంది. వేగం మారినా లోపలి లయ తెగదు.

రెండోదాని నిడివి పెరగడానికి కొంత కారణం పునరావృత్తులు, అంటే వాయించిన సగాన్నే మళ్లీ వాయించడం. 1955లో ఒక్కటీ వాయించలేదు. 1981లో ముఖ్యంగా కేనన్లలో మొదటి సగాన్ని మళ్లీ వాయించాడు. మిగతాదంతా నడక తేడాయే. రెండు నిమిషాలలోపు ముగిసిన ఆరియా, రెండోసారి మూడు నిమిషాలు దాటింది. అయితే ఇది ముసలితనపు నెమ్మదితనం కాదని 25వ వేరియేషన్ రుజువు చేస్తుంది. మైనర్ స్వరశ్రేణిలో సాగే మూడు వేరియేషన్లలో చివరిదీ, అన్నింటికన్నా పొడవైనదీ ఇది. 1955లో దాదాపు ఆరున్నర నిమిషాలు సాగితే, 1981లో ఆరు నిమిషాలకు కాస్త పైన ముగిసింది. మొత్తం రచన 13 నిమిషాలు పెరిగినా ఇది తగ్గింది! యౌవనంలో ఆగి ఆగి వెళ్లబోసుకున్న దుఃఖాన్ని, ఇప్పుడు కాలప్రమాణం కట్టులో పెట్టాడు. అందువల్ల అది మరింత లోతుగా తగులుతుంది.

రెండింట్లోనూ పియానో వెనక గూల్డ్ కూనిరాగం వినిపిస్తుంది. కొందరికి అది చికాకు. నాకైతే పని చేస్తున్న మనిషి దగ్గరే కూర్చున్నట్టుంటుంది. 1981 వాయింపును దర్శకుడు బ్రూనో మోన్సేంజాన్ చిత్రీకరించాడు. కుర్చీనీ వేళ్లనూ చూడాలనుకునేవాళ్లకు అదే మంచి దారి. ఆ రికార్డు 1982 సెప్టెంబరులో విడుదలైంది. అక్టోబరు 4న, 50 ఏళ్ల వయసులో గూల్డ్ కన్నుమూశాడు.

నా ఓటు ఎనభై ఒకటికే. వేళ్ల నైపుణ్యంలో 1955ను మించింది ఉండకపోవచ్చు. కానీ 32 భాగాలను ఒకే లయ మీద నిలబెట్టడం అంతకన్నా పెద్ద పని. ఈ సంగీతం కొత్త అయినవాళ్లు కూడా 1981తోనే మొదలుపెట్టండి. ఆరియా నుంచి అయిదో వేరియేషన్ దాకా చేత్తో తాళం వేస్తూ వినండి, తర్వాత 1955కు వెళ్లండి. మీ ఓటు ఎటో అప్పుడు చెప్పండి.