పొద్దున పులి, మధ్యాహ్నం పిల్లి

ఘన్‌పూర్ పేరుతో ఓరుగల్లు చుట్టుపక్కల ఒకటికి మించి ఊళ్లున్నాయి. కోటగుళ్లున్న ఘన్‌పూర్ ఒకటి, లింగాల ఘన్‌పూర్ ఒకటి. కాజీపేట–సికింద్రాబాద్ రైలు దారి మీదున్నది స్టేషన్ ఘన్‌పూర్. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 అక్టోబరు నుంచి జనగామ జిల్లా. దేవాదుల ఎత్తిపోతల నీళ్లు నిలిపే రిజర్వాయర్లలో ఒకటి ఇక్కడే ఉంది. ఇక చెరువులు, కుంటల సంగతి ఓరుగల్లు సీమలో వేరే చెప్పక్కర్లేదు. 2015 మార్చి 12న మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రం మొత్తం మీద 46 వేలకు పైగా చెరువులు, కుంటలను బాగుచేయాలని లెక్క వేశారు. తట్టా పారాతో తేలే పని కాదది. ఆ పని చేసే యంత్రాన్ని ఎక్స్‌కవేటర్ అనేవాళ్లు ఊళ్లో తక్కువ. ప్రొక్లెయిన్ అంటారు. అది ఒక ఫ్రెంచి కంపెనీ పేరు నుంచి వచ్చింది. ఇప్పుడు పసుపు రంగుదైనా నారింజ రంగుదైనా, ఎవరు తయారు చేసినా ప్రొక్లెయినే. వేసవిలో శిఖంలోకి, అంటే ఎండిన చెరువు కడుపులోకి, దిగిన ఈ బండి మీద తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. పొద్దున పులిలా లేస్తుంది, మధ్యాహ్నం రెండింటికి డల్లయిపోతుంది. నిండు బకెట్‌తో బూమ్ లేవడానికి బద్ధకిస్తుంది, పక్కకు తిప్పితే తాపీగా తిరుగుతుంది, మీటరులో ముల్లు ఎర్ర గీత వైపు జరుగుతుంది. ట్రాక్టర్లు వరసకట్టి నిలబడతాయి. కిరాయి గంటల లెక్కన పోతూనే ఉంటుంది. అప్పుడు మెకానిక్‌కు ఫోన్ వెళ్తుంది.

పని తెలియనివాడు వస్తూనే పానా తీస్తాడు. తెలిసినవాడు ముందు బండి చుట్టూ ఒకసారి తిరుగుతాడు. ఏదీ విప్పడు. ఒక పైపు మీద చేతి వెనకవైపు ఆనిస్తాడు, ఇంకో పైపు దగ్గర ఆగుతాడు, జాలీలోంచి తొంగి చూస్తాడు, ట్యాంకు మూత దగ్గర వాసన పీలుస్తాడు. ఆ తిరగడంలో ఒక వరస ఉంది. హెల్పర్‌గా చేరి, పానాలు అందిస్తూ, తిట్లు తింటూ ఒకరి నుంచి ఒకరికి దిగిన విద్య అది. దాన్ని ‘చేతివాటం’ అనో ‘అనుభవం’ అనో పొగిడి వదిలేయడం మనకు అలవాటు. ఆ పొగడ్తలో కొంత చిన్నచూపు కూడా ఉంది, చేతికి తెలుసు గానీ బుద్ధికి తెలియదన్నట్టు. నా వాదన దానికి ఎదురు. ఇందులో చెయ్యి కన్నా తర్కానిదే పెద్ద వాటా. ఎందుకు వేడెక్కింది అనేముందు ఎక్కడ వేడెక్కింది అని అడగడం, ఖర్చులేని పరీక్ష నుంచి ఖర్చయ్యే పరీక్షకు వెళ్లడం, దేన్నీ ఒంటరిగా చూడకుండా పక్కదానితో పోల్చి చూడడం దాని ఆయువుపట్టు.

అసలు ఆయిల్‌కు వేడి ఎందుకు పుడుతుందో చూస్తే ఈ వరస విలువ తెలుస్తుంది. 20 టన్నుల తరగతి బండిలో ఇంజను తిప్పే పంపులు ఆయిల్‌ను 340 బార్ల వరకు ఒత్తిడితో నెడతాయి. ఆ ఆయిల్ సిలిండరును తోసి మట్టిని లేపితే శక్తి పనిగా మారినట్టు. పని చేయకుండానే, అరిగిన పంపులోని సందుల్లోంచో సరిగా మూసుకోని రిలీఫ్ వాల్వ్‌లోంచో దొంగదారిన జారిపోతే ఆ శక్తంతా వేడిగా మారక తప్పదు. 340 బార్ల ఒత్తిడి నుంచి ఊరికే జారిన ఆయిల్ సుమారు 20 డిగ్రీలు వేడెక్కి బయటపడుతుంది. నిమిషానికి 20 లీటర్లు అలా జారుతున్నాయనుకుందాం. లెక్క కడితే 11 కిలోవాట్లు దాటుతుంది. ఇంట్లో నీళ్లు కాచుకునే కిలోవాట్ హీటర్లు పదకొండు తెచ్చి ఆయిల్ ట్యాంకులో ముంచినట్టే. కూలర్ అడ్డుకోకపోతే 200 లీటర్ల ఆయిల్ నిమిషానికి రెండు డిగ్రీల చొప్పున ఎక్కుతుంది. పైగా ఇది తనను తాను పెంచుకునే జబ్బు. 40 డిగ్రీల దగ్గరున్న చిక్కదనం 80 డిగ్రీలకు వచ్చేసరికి నాలుగో వంతుకు పడిపోతుంది. పల్చబడిన ఆయిల్ అదే సందులోంచి ఇంకా జోరుగా జారుతుంది, జారినకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. పొద్దున పులి మధ్యాహ్నానికి పిల్లి అయ్యేది ఇందుకే. ఆ వేడికి కాలేది యజమాని పోసిన డీజిలే.

ఇక్కడ ఆపరేటర్ల నుంచి ఒక అభ్యంతరం వస్తుంది: మే నెలలో 44 డిగ్రీల ఎండలో మనుషులే నిలబడలేరు, బండి వేడెక్కడంలో వింతేముంది? ఈ మాట సగం నిజం, ఆ సగం ఎంతో లెక్కలో చూడొచ్చు. కూలర్ వదిలించే వేడి, లోపలి ఆయిల్‌కూ బయటి గాలికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. ఆయిల్ 75 డిగ్రీలుండి గాలి 25 ఉంటే తేడా 50. గాలి 44 అయితే తేడా 31కి దిగుతుంది. అంటే కూలర్ సత్తా దాదాపు నలభై శాతం పోయింది. 95 డిగ్రీల దగ్గర నడిచే రేడియేటర్ నీళ్లకు అదే తేడా 70 నుంచి 51కి, పావు వంతు కన్నా కాస్త ఎక్కువ నష్టం. ఎండ దెబ్బ నీళ్ల కన్నా ఆయిల్‌కే గట్టిగా తగులుతుంది. అయితే వేసవి పనికి తగిన కూలరే బండికి అమర్చి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న బండి అదే ఎండలో, అదే శిఖంలో పక్కనే పని చేస్తూ కనిపిస్తుంది. చలికాలంలో కూలర్ కప్పిపెట్టిన లోపాన్ని ఎండ బయటపెట్టింది, అంతే. ‘ఎండకు హీటయింది’ అని మధ్యాహ్నం బండి ఆపి చెట్టు నీడన కూర్చుంటే ఆ పూట గడుస్తుంది. లోపం అక్కడే ఉంటుంది.

అందుకే మొదటి ప్రశ్న: నీళ్లు వేడెక్కాయా, ఆయిల్ వేడెక్కిందా, రెండూనా? రెండూ అయితే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది గాలి. మొదట చూడాల్సింది ఫ్యాను, బెల్టు, జాలీ. శిఖంలో పని చేసే బండికి ఇది పెద్ద గండం. ఎండిన ఒండ్రు పిండిలా లేస్తుంది, దాంతో ఎండుగడ్డి పొట్టు, తుంగ నూగు చేరతాయి. ఎక్కడో సన్నగా చెమర్చే ఆయిల్ వీటన్నిటికీ జిగురు. కొన్నాళ్లకు కూలర్ రెక్కల మీద కంబళి ముక్కలాంటి పొర కడుతుంది. దీనికి పరీక్ష పైసా ఖర్చులేనిది. ఇంజను నడుస్తుండగా, గాలి పీల్చే వైపు జాలీ మీద ఒక కాగితం ఆనించాలి. గాలి బాగుంటే కాగితం బల్లిలా అతుక్కుంటుంది. మెల్లగా పైకీ కిందకూ జరుపుతూ పోతే ఎక్కడ జారిపడిందో అక్కడ దారి మూసుకుపోయినట్టు. ఇంతటితో సరిపెట్టుకుంటే మాత్రం మోసపోతాం. చాలా బండ్లలో ఆయిల్ కూలర్, రేడియేటర్ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ముందుది అద్దంలా మెరుస్తున్నా రెండింటి నడుమ సందులో చెత్త దట్టంగా పేరుకుని ఉండొచ్చు. టార్చి వేసి ఆ సందులో చూడాలి. కడిగేటప్పుడు గాలి వచ్చే దారికి ఎదురుగా, రెక్కలు వంగకుండా తిన్నగా నీళ్లు కొట్టాలి. డీజిల్‌తో కడిగితే ఆ పూటకు శుభ్రంగా కనిపిస్తుంది, మర్నాటి దుమ్మంతా ఆ జిడ్డుకే అంటుకుంటుంది. రేడియేటర్ చుట్టూ ఉండే స్పాంజి పట్టీలు ఊడిపోతే పట్టించుకోరు. అవి లేకపోతే బండి తాను వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది.

నీళ్లొక్కటే కాగుతుంటే తొందరగా తేలుతుంది. పై హోసు కాలిపోతూ కింది హోసు చల్లగా ఉంటే నీళ్లు తిరగడం లేదు: థర్మోస్టాట్ తెరుచుకోలేదు, లేదా రేడియేటర్ లోపల మూసుకుపోయింది. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసే అలవాటు ఇక్కడ కష్టాలు తెస్తుంది. ఆ నీటి సున్నం ఇంజను లోపలి గోడల మీద పెచ్చు కడుతుంది. ఇనుముతో పోలిస్తే ఆ పెచ్చు వేడిని పదుల రెట్లు తక్కువగా దాటనిస్తుంది. రేడియేటర్ మూత రబ్బరు చెడితే ఒత్తిడి నిలవక నీళ్లు ముందే మరుగుతాయి.

అసలు నేర్పు కనిపించేది ఆయిల్ ఒక్కటే వేడెక్కినప్పుడు. ట్యాంకు కాలుతూ, కూలర్‌కు వెళ్లే పైపు గోరువెచ్చగా ఉంటే ఆయిల్ కూలర్‌లోకి రావడం లేదని అర్థం, పక్కదారి వాల్వ్ తెరుచుకుని ఉండిపోయింది. ఆయిల్ వస్తూనే ఉండి, లోపలికి వెళ్లే పైపూ బయటికొచ్చే పైపూ ఒకే వేడిలో ఉంటే కూలర్ పని చేయడం లేదు. రెంటికీ తేడా బాగుండి కూడా ట్యాంకు కాగుతుంటే తప్పు చల్లబరచడంలో లేదు, లోపలెక్కడో వేడి ఎక్కువ పుడుతోంది. అప్పుడు మొదలవుతుంది దొంగదారి వెతుకులాట. బకెట్‌ను నేలకు నొక్కి ఒక పక్క ట్రాక్ గాల్లోకి లేపి, చాక్‌పీసుతో గుర్తు పెట్టి, మూడు చుట్లు తిరగడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూస్తారు. తర్వాత రెండో పక్క. పొద్దున చల్లగా ఉన్నప్పుడొకసారి, మధ్యాహ్నం కాగినప్పుడొకసారి. వేడిలో ఒక పక్కే వెనకబడితే ఆ పక్క మోటారో, దానికి ఆయిల్ ఇచ్చే పంపో. రెండు పంపుల పైపులూ అటుదిటు మార్చి మళ్లీ తిప్పితే నెమ్మది కూడా పక్క మారిందా, పాత పక్కనే ఉందా అన్నది తేలిపోతుంది. మారితే పంపు, మారకపోతే మోటారు వైపు. తెల్లకోటు వేసుకుని ప్రయోగశాలలో చేస్తే దీన్ని శాస్త్రీయ పద్ధతి అంటాం. ఆఖరి సాక్షి ఫిల్టరు. దాన్ని కోసి, మడతలు విప్పి తెల్ల గుడ్డ మీద పరిస్తే పసుపు పొడి మెరిసిందా, పంపులోనో మోటారులోనో ఇత్తడి భాగాలు అరుగుతున్నాయి. నల్ల తునకలైతే సీళ్లు మాడాయి.

సెన్సార్లు, తెర మీద కోడ్లు, ఫోనుకు వచ్చే హెచ్చరికలు ఉండగా ఈ తడుములాట ఎందుకని అడిగేవాళ్లున్నారు. సెన్సార్ గొప్పదే, కానీ అది ఉన్నచోటే చూస్తుంది. ట్యాంకులో 90 డిగ్రీలు దాటిందని చెబుతుంది. ఏ మోటారు నుంచి వచ్చిన వేడో ఆ ఒక్క అంకె చెప్పదు. ఆ ప్రశ్నకు జవాబు పోలికలోనే దొరుకుతుంది. చెయ్యి థర్మామీటర్ కాదు కదా అన్నది ఇంకా గట్టి అభ్యంతరం, ఒప్పుకోవాల్సిందే. 60 డిగ్రీలు దాటిన ఇనుము మీద చెయ్యి కొన్ని సెకన్లు కూడా ఆగదు, ఆపైన 70కీ 90కీ తేడా దానికి తెలియదు. ఇన్‌ఫ్రారెడ్ గన్ ఆ పని చక్కగా చేస్తుంది, అది వాడితే సంప్రదాయం మైలపడదు. ఎక్కడ గురి పెట్టాలో తెలియనివాడి చేతిలో మాత్రం గన్ ఎర్రచుక్క ఆటబొమ్మే. ఒక చోట చెయ్యి వాడనే కూడదు: హోసులో సూదిమొన రంధ్రం వెతికేటప్పుడు. 300 బార్ల ధార చర్మంలోకి సూదిలా దిగిపోతుంది. గాయం చీమ కుట్టినంతే కనిపించినా వెంటనే ఆపరేషన్ చేయకపోతే వేలు, చెయ్యి పోవచ్చు. అట్టముక్క అడ్డుపెట్టి చూడడమే పద్ధతి.

ఈ విద్యలో చెడ్డ అలవాట్లు లేవని అనలేం. హీటంటే చాలు థర్మోస్టాట్ పీకేయడం వాటిలో మొదటిది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడే పక్కదారి మూస్తుంది. దాన్ని తీసేస్తే నీళ్లలో కొంత రేడియేటర్‌కు వెళ్లకుండానే తిరిగొచ్చి ఇంజను ఇంకా వేడెక్కుతుంది. పవర్ తగ్గిందని రిలీఫ్ వాల్వ్ స్క్రూ ఒక చుట్టు బిగించడం రెండోది. గేజి పెట్టకుండా బిగిస్తే హోసులకూ పంపుకూ ముప్పు, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. ఆయిల్ పల్చబడిందని చేతికందిన చిక్కటి ఆయిల్ కలపడం మూడోది. ఇవన్నీ ‘ఎక్కడ’ అన్న ప్రశ్నను దాటేసి నేరుగా మందు వేసే పనులు. చివరికి పంపు దించాలా వద్దా అన్నది ప్రెషర్ గేజి, ఫ్లో మీటరే తేల్చాలి. చుట్టూ తిరిగిన మెకానిక్ ఆ గేజి ఏ పైపుకు పెట్టాలో చెప్పగలడు, లక్షల ఖర్చుకు దిగేముందు ఆ మాత్రం తెలియడం తక్కువ సంగతి కాదు.

ఈ పద్ధతికి ఒక్కటే పెద్ద లోటు: ఇది కాగితం మీద నిలవదు. ఈ వేసవి మధ్యాహ్నం కూలర్ పైపుల తేడా ఎంత, ట్రాక్ మూడు చుట్లకు ఎన్ని సెకన్లు పట్టింది, గాలి వేడెంత, గంటల మీటరు ఎక్కడుంది – ఈ నాలుగు అంకెలు డీజిల్ లెక్క రాసుకునే పుస్తకంలోనే వెనక పేజీలో రాసుకోవచ్చు. అవి ఉంటే పై ఏడు అదే బండి శిఖంలోకి దిగినప్పుడు, డల్లయిందో లేదో ఆపరేటర్ జ్ఞాపకాన్ని అడగనక్కర్లేదు.