మడుగుకు పలుచని అంచు కావాలి

ఈ వారం మా వంక దగ్గరికి వెళ్లేసరికి జేసీబీ పని ముగించుకుని వెళ్లిపోయింది. పూడిక తీసి మడుగును లోతు చేశారు. రాళ్ల మీది నాచంతా కొట్టుకుపోయింది. చాలా కోపం వచ్చింది.

వంకలో దిగితే ముందు ఒక రాయి తిరగేసి చూడమని ఈ కాలమ్‌లో చెబుతూనే ఉన్నాను. మళ్లీ చెబుతాను. రాయి పైన వేలికి జారుడుగా తగిలేది మేత, అడుగున అంటిపెట్టుకున్న పురుగులు దాన్ని మేసే మంద. ఒడ్డున పెద్ద చెట్లు లేని మెట్ట వాగులో రాలిపడే ఆకు తక్కువ, నీటిని తాకే ఎండ ఎక్కువ. అక్కడ తిండి చాలావరకు నాచుతోనే మొదలవుతుంది. నాచును మేఫ్లై అనే పురుగు పిల్లలూ నత్తలూ తింటాయి, వాటిని తూనీగ పిల్లలూ చేపలూ తింటాయి. ఆ నాచును గీకి పారేస్తే ఇంకేం మిగులుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు అమెరికాలోని ఒక ఎడారి వాగు ఎప్పుడో చెప్పింది. అరిజోనాలో ఫీనిక్స్ నగరానికి ఈశాన్యాన, సొనోరన్ ఎడారిలో సికమోర్ క్రీక్ ఉంది. అక్కడ వాన కురిస్తే వరద ఒక్కసారిగా విరుచుకుపడి అడుగు ఇసుకతో సహా అన్నిటినీ ఊడ్చేస్తుంది. స్టువర్ట్ ఫిషర్, లారెన్స్ గ్రే, నాన్సీ గ్రిమ్, డేవిడ్ బుష్ వరద తర్వాత ఆ వాగు ఎలా కోలుకుంటుందో కొలిచి 1982లో ప్రచురించారు. అయిదు రోజులు దాటాక వాగు తాను ఖర్చు పెట్టే ఆహారం కన్నా ఎక్కువ తయారుచేసుకోవడం మొదలుపెట్టింది. రెండు వారాలకు చదరపు మీటరుకు దాదాపు 100 గ్రాముల నాచు పెరిగింది. ముందు డయాటమ్‌లనే ఏకకణ నాచు, తర్వాత పోగుల్లాంటి ఆకుపచ్చ నాచు, దానితోపాటు గాలిలోని నైట్రోజన్‌ను పట్టుకోగల నీలి ఆకుపచ్చ నాచు వచ్చాయి. మరి పురుగులో? నీటిలో ఉన్నవి కొట్టుకుపోయినా, రెక్కలొచ్చి గాలిలో ఉన్నవి తిరిగొచ్చి గుడ్లు పెట్టాయి. వరద తర్వాతి మొదటి నెలలోనే మేఫ్లైలు, ఈగ జాతులు కొన్ని తరాలు పూర్తిచేశాయి.

అరిజోనా వాగుల్లోనే ఎగరలేని పెద్ద నీటి పురుగు ఒకటుంది, పేరు అబెడస్. మగది గుడ్లను వీపున మోస్తుంది. దానికి రెక్కల దారి లేదు. అందుకని భారీ వాన కాసేపు ఎడతెరిపి లేకుండా కురిస్తే, వరద రాకముందే నీటిలోంచి బయటికి నడిచి ఎత్తుకు పోతుంది. డేవిడ్ లైటిల్ ఈ నడవడికను పరిశోధించి చూపించాడు. నాకు ఈ జీవి మీద ఎంతో గౌరవం.

ఇదంతా గుర్తు చేసుకున్నాక నా కోపం చోటు మారింది. నాచు పోయినందుకు బాధపడక్కర్లేదు. ఎండ ఉండి, పక్కన ఇంకో మడుగులో రెక్కల పురుగులు బతికి ఉంటే నాచూ వస్తుంది, దాన్ని మేసేవీ వస్తాయి. జేసీబీ చేసిన అసలు నష్టం వేరే ఉంది. మడుగు ఒడ్డును గోడలా నిలువుగా కోసేసింది.

ఏటవాలు ఒడ్డు విలువేమిటో ఆస్ట్రేలియా నడిభాగంలోని కూపర్ క్రీక్ చెబుతుంది. వరద తగ్గాక అది విడివిడి మడుగులుగా మిగులుతుంది. నీళ్లు బురదరంగులో ఉంటాయి కాబట్టి వెలుగు లోతుకు దిగదు. మరి చేపలు, రొయ్యలు, నత్తలు దేని మీద బతుకుతున్నాయి? మైదానంలోంచి కొట్టుకొచ్చిన చెత్త మీదే అనిపిస్తుంది. స్టువర్ట్ బన్, ఆయన సహచరులు ఆ జీవుల ఒంట్లోని కార్బన్ ఏ తిండి నుంచి వచ్చిందో పరీక్షించారు. 2003లో వాళ్లు ప్రచురించిన జవాబు వేరు: ముఖ్య ఆధారం మడుగు చుట్టూ, ఎండ అడుగును తాకేంత పలుచని నీటిలో పట్టీలా పెరిగే నాచు. అంత పెద్ద మడుగునూ ఆ సన్నని అంచే పోషిస్తోంది.

వానాకాలంలో మన వంకల నీళ్లూ బురదవే. ఒడ్డు నిలువుగా ఉంటే వెలుగు తగిలే నేల ఉండదు.

పూడిక తీయొద్దని అనను, ఎండాకాలానికి నీళ్లు కావాలి. కానీ ఊరి పెద్దలకూ, యంత్రం నడిపే తమ్ముళ్లకూ ఒక మనవి. మడుగు మధ్యలో ఎంతైనా లోతు తీయండి, ఒక్క వైపైనా ఒడ్డును ఏటవాలుగా ఉంచండి. వంకలోని మడుగులన్నీ ఒకే ఏడు తీయకండి.