హెజీరా: మూఁడు గానసంప్రదాయముల సమ్మేళనము

జానపదగానము, జనరంజకగానము, జాజ్ అను మూఁటిని ఒకచోఁ జేర్చుట దుష్కరము కాదు. ఆ చేరిక విడఁదీయరాని యొకే వస్తువగుటయే దుష్కరము. కెనడాదేశీయురాలగు జోనీ మిచెల్ 1976 నవంబరులో వెలువరించిన ‘హెజీరా’ యను తొమ్మిదిపాటల సంపుటము ఈ పరీక్షకు నిలుచునా యనునది యిచట విచార్యము.

మిచెల్ 1943లో ఆల్బెర్టా రాష్ట్రమున జనించెను. బాల్యమునఁ బోలియో వ్యాధి సోఁకుటచే నామె యెడమచేతి బలము తగ్గెను. అందువలన గిటారుతంత్రులను వాడుకకు భిన్నమైన శ్రుతులలో సవరించుకొని, సులభమైన వ్రేళ్లపట్టులతోనే యపూర్వమైన స్వరమేళనములను సాధించెను. 1971 నాఁటి ‘బ్లూ’ ప్రధానముగా నేకాంతగానము. 1974 నాఁటి ‘కోర్ట్ అండ్ స్పార్క్’ నందు జాజ్ వాద్యకారులు చేరిరి గాని, అందు వాద్యములు పాటకు భూషణములు మాత్రమే.

‘హెజీరా’ యందలి పాటలు పెక్కు, ఆమె మెయిన్ రాష్ట్రమునుండి లాస్ ఏంజిలెస్‌కు కారులో నొంటరిగా మరలిన ప్రయాణమునఁ బుట్టినవి. క్రీ.శ. 622లో మహమ్మదు ప్రవక్త మక్కానుండి మదీనాకుఁ దరలుటను దెలుపు ‘హిజ్రా’ యను నరబ్బీపదమే యీ నామమునకు మూలము. రచనారూపమును ప్రయాణమునకుఁ దగినదియే. 1937లో విమానముతో నదృశ్యురాలైన అమీలియా ఇయర్‌హార్ట్‌ను సంబోధించు ‘అమీలియా’ గీతమునఁ బ్రత్యేకపల్లవి లేదు. ప్రతిచరణమును ఒకే పంక్తితో ముగియును. శతకపద్యములందు మకుటము మాఱకున్నను బద్యభావమునుబట్టి యొకపరి వేఁడికోలుగా, నొకపరి నిందగా ధ్వనించునట్లు, ఇచటను ఆ పంక్తి చరణచరణమునకు వేఱుధ్వనిని బొందుచున్నది.

నాలుగుపాటలలో జాకో పాస్టోరియస్ మెట్లు లేని బాస్ గిటారును వాయించెను. వీణకును గోటువాద్యమునకును గల భేదము నెఱిఁగినవారికి దీని స్వభావము సులభగ్రాహ్యము: స్వరమునుండి స్వరమునకు నాదము జాఱుచుఁ బోవును. బాస్ సాధారణముగా లయకు నాధారమై యడుగున నుండునది. ఇందో, గాయని విరామమిచ్చినచోఁ దాను బలుకుచు రెండవకంఠమైనది. ఈ పాటలలో స్వరసంచారము స్వల్పమనియు, జనులు కూడఁబాడుకొనుటకు వీలులేదనియు నాక్షేపింపవచ్చును. అది సత్యమే. కాని గాత్రము నియమితపరిధిలో నుండుటచేతనే బాస్‌నకు సంచరించుటకుఁ దావు గలిగినది. అల్పత్వముగాఁ దోఁచునది యిచట నౌదార్యము.

దోషము వేఱొకచోఁ గలదు. ‘ఫర్రీ సింగ్స్ ది బ్లూస్’ అను పాట, మెంఫిస్ నగరమున శిథిలమైన బీల్ వీథిని, వృద్ధుఁడగు బ్లూస్ గాయకుఁడు ఫర్రీ లూయిస్‌ను వర్ణించును. చిత్రణము కన్నులకుఁ గట్టును. గాయని తన సంపన్నతను దాఁపదు. అయినను లూయిస్ కంఠము గాని గిటారు గాని యిందు వినఁబడదు. వినఁబడు హార్మోనికా నీల్ యంగ్‌ది. వృద్ధుని మాటను సైతము గాయనియే యనుకరించెను. తన్నుఁ బాటకు వస్తువుగాఁ జేసినందుకు లూయిస్ బహిరంగముగా నసంతృప్తిని దెలిపెను. సంపన్నత నొప్పుకొనుట ఋణము తీర్చుట కాదు.

కాఁబట్టి సంపుటపు గుణమును దోషమును ఒకే సూత్రమునకు లోఁబడుచున్నవి. అన్యసంప్రదాయము తన వాద్యముతో వచ్చి ప్రత్యుత్తరమిచ్చినచో సమ్మేళనము సిద్ధించినది. కేవలదృశ్యముగా నిలిచినచో సిద్ధింపలేదు. తరువాత మిచెల్, జాజ్ విద్వాంసుఁడగు చార్లెస్ మింగస్ కూర్చిన స్వరములకు సాహిత్యము రచించి, 1979లో ‘మింగస్’ సంపుటమును వెలువరించెను. ‘హెజీరా’ యందు సహచరమైన జాజ్, అందు మార్గదర్శకమైనది.